రాపోపోర్ట్ 'నాలుగు తరంగాలు': ఉగ్రవాద పరిణామ సిద్ధాంతంపై విమర్శనాత్మక పరిశీలన

ఉగ్రవాదాన్ని ఎలా నిర్వచించాలన్న విషయంలో పండితుల మధ్య, ప్రభుత్వాల మధ్య ఉన్న విభేదాలు మీకు ఇప్పటికే పరిచయమై ఉంటాయి. ఉగ్రవాద పద్ధతులు, ఉద్దేశాలు కాలక్రమంలో ఎలా మారాయన్నది ఈ పాఠంలోని ప్రశ్న. దీనికి పాఠ్యగ్రంథాలలో ఎక్కువగా కనిపించే జవాబు అమెరికా రాజనీతిశాస్త్రవేత్త డేవిడ్ రాపోపోర్ట్ ఇచ్చినది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరవాత ఆయన రూపొందించి, 2004లో విస్తృతంగా ప్రచురించిన 'ఆధునిక ఉగ్రవాదపు నాలుగు తరంగాలు' అనే వ్యాసం ఈ రంగంలో అత్యధికంగా చర్చకు వచ్చిన రచనల్లో ఒకటి. అందులోని వర్గీకరణను గుర్తు పెట్టుకోవడం చాలా తేలిక. అంత తేలిక కావడం వల్లనే దాన్ని కొంచెం నిలదీసి చూడవలసిన అవసరం ఉంది.

జవాబు పత్రాలు దిద్దిన సంవత్సరాలలో ఈ ప్రశ్నకు నేను తరచుగా చూసిన వాక్యం ఒకటుంది: పాత ఉగ్రవాదం రాజకీయమైనది, హద్దులు ఎరిగినది; కొత్త ఉగ్రవాదం మతపరమైనది, హద్దులు లేనిది. ఆ వాక్యానికి నేనూ మార్కులు వేశాను. ఇప్పుడు వేయమంటే వెనకాడతాను. అందులో సత్యం బొత్తిగా లేదని కాదు. ఉద్దేశం తెలిస్తే పద్ధతి తెలిసిపోతుందన్న భావన ఆ వాక్యం అడుగున ఉంది. చరిత్ర ఆ భావనను బలపరచదు.

సిద్ధాంతం ఏమి చెబుతుంది?

రాపోపోర్ట్ ప్రకారం ఆధునిక ఉగ్రవాదం 1880 ప్రాంతంలో రష్యాలో మొదలైంది. మొదటిది అరాచకవాద తరంగం. జారు చక్రవర్తులను, మంత్రులను, అధికారులను చంపడం దాని పద్ధతి. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పేటెంటు పొందిన డైనమైట్ దాని ఆయుధం. రెండోది 1920లలో మొదలైన వలసవ్యతిరేక తరంగం. పోలీసులను దెబ్బతీసి వలసపాలకుడిని ఇంటికి పంపించడం దాని లక్ష్యం. మూడోది 1960లలో వియత్నాం యుద్ధకాలంలో పుట్టిన నూతన వామపక్ష తరంగం. విమానాల హైజాకింగు, బందీలను పట్టుకోవడం దాని ముద్ర. నాలుగోది 1979లో, అంటే ఇరాన్ విప్లవం జరిగి, సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లో ప్రవేశించిన సంవత్సరంలో మొదలైన మత తరంగం. దాని ప్రత్యేక ఆయుధం ఆత్మాహుతి దాడి. ఒక్కొక్క తరంగం సుమారు నలభై ఏళ్లు, అంటే ఒక తరం కాలం, కొనసాగుతుంది; పిల్లలు తల్లిదండ్రుల ఆవేశాన్ని వారసత్వంగా తీసుకోరు కాబట్టి అది సద్దుమణిగి, మరో ఆవేశం లేస్తుంది. ఈ లెక్క ప్రకారం నాలుగో తరంగం 2025 నాటికి ముగియవచ్చునని ఆయన ఊహించారు.

ఈ సిద్ధాంతం చేసిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. 2001 తరవాత ఉగ్రవాదం నిన్నగాక మొన్న పుట్టినట్లు మాట్లాడేవారే ఎక్కువ. అది నూటపాతికేళ్ల వయస్సున్న వ్యవహారమని, ప్రతి దశలోనూ అంతర్జాతీయ స్వభావం కలిగినదని రాపోపోర్ట్ చూపించారు. టెలిగ్రాఫు, దినపత్రిక, రైలు లేకపోతే మొదటి తరంగమే లేదన్న ఆయన పరిశీలన నేటికీ విలువైనది. ఒక సంస్థ తన తరంగం కన్నా ఎక్కువకాలం బతకవచ్చునని, తరంగాలు ఒకదానిపై ఒకటి పడతాయని కూడా ఆయన చెప్పారు. కాబట్టి 'ఫలానా సంస్థ ఆ కాలంలో లేదు కదా' అని ఒకటి రెండు మినహాయింపులు చూపి ఆయనను కొట్టిపారేయడం న్యాయం కాదు. చిక్కు ఇంకాస్త లోతులో ఉంది.

థగ్గుల ఉదాహరణ

ఆ చిక్కు ఆయన పాత వ్యాసంలోనే కనిపిస్తుంది. 1984లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో రాపోపోర్ట్ మూడు మత సంప్రదాయాలలోని ప్రాచీన ఉగ్రవాదాన్ని పరిశీలించారు: యూదులలో జెలట్లు, ముస్లింలలో అసాసిన్లు, హిందువులలో థగ్గులు. కాళీమాతకు బలిగా బాటసారులను గొంతు బిగించి చంపిన థగ్గులను ఆయన మత ఉగ్రవాదులలో చేర్చారు.

థగ్గుల గురించి మనకు తెలిసినదంతా దాదాపుగా ఈస్టిండియా కంపెనీ అధికారుల రాతల నుంచి, ముఖ్యంగా విలియం స్లీమన్ సేకరించిన అప్రూవర్ల వాఙ్మూలాల నుంచి వచ్చినదే. ప్రాణభిక్ష కోసం సాక్ష్యమిచ్చిన ఖైదీ, తాను నమ్మదలచుకున్నదే వినే అధికారి - ఈ ఇద్దరి మధ్య పుట్టిన కథ అది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో రాసిన నవల 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' ఆ కథను ఇంగ్లండులో ఇంటింటికీ చేర్చింది. థగ్గులు ప్రధానంగా దారిదోపిడీగాళ్లని, దేవీపూజ నాటి ఎన్నో వృత్తి సమూహాలలో ఉన్నట్లే వారిలోనూ ఉండేదని ఇటీవలి చరిత్రకారులు చెబుతున్నారు. అదలా ఉంచుదాం. ఒకవేళ స్లీమన్ చెప్పినది అక్షరాలా నిజమే అనుకున్నా, థగ్గు తన పనిని ఎవరికీ తెలియకుండా చేసేవాడు, శవాన్ని పూడ్చిపెట్టేవాడు. ఊరంతా వినాలని బాంబు వేసేవాడికీ, ఎవరూ వినకూడదని రుమాలు బిగించేవాడికీ పోలిక ఏమిటి? ఉద్దేశం మతం అన్న ఒక్క కారణంతో ఇద్దరినీ ఒక గూటిలో పెట్టడం జరిగింది. ఉద్దేశాన్నే గీటురాయి చేసుకుంటే వచ్చే ప్రమాదం ఇదే. నాలుగు తరంగాల సిద్ధాంతంలో కూడా ఆ గీటురాయి మారలేదు.

దీనికి తలకిందులు ఉదాహరణ కూడా ఉంది. అమెరికా అంతర్యుద్ధం తరవాత పుట్టిన కూక్లక్స్ క్లాన్ నల్లజాతివారిని ఓటుకు దూరం చేయడానికి హత్యలు, దహనాలు, కొరడాదెబ్బలు బాహాటంగా ఉపయోగించింది. భయం ద్వారా రాజకీయ ఫలితం సాధించడంలో దానికి సాటివచ్చే సంస్థలు తక్కువ. అయినా అది ఒక దేశానికి, ఒక కాలానికి పరిమితమైనదంటూ రాపోపోర్ట్ దాన్ని తరంగాల లెక్కలోకి తీసుకోలేదు. తెల్లజాతి ఆధిక్యవాదం పేరుతో ఇటీవల జరిగిన దాడులను ఆయన పట్టికలో ఎక్కడ పెట్టాలో తెలియక నేటి విద్యార్థి తికమకపడటానికి ఒక కారణం ఈ తొలి మినహాయింపే.

పద్ధతికి సొంత దారి ఉంది

1881 మార్చిలో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో రెండో అలెగ్జాండర్ చక్రవర్తిపై 'నరోద్నాయా వోల్యా' అనే సంస్థ సభ్యులు దాడి చేశారు. మొదటి బాంబు గురితప్పింది. చక్రవర్తి బండి దిగి నిలబడి ఉండగా ఇగ్నాత్సీ హ్రినివిత్‌స్కీ అనే యువకుడు దగ్గరకు వచ్చి రెండో బాంబును ఇద్దరి పాదాల మధ్య పేల్చాడు. చక్రవర్తితో పాటు తానూ చనిపోయాడు. స్వర్గం మీద ఆశ ఉన్నవాడే ఇలా చనిపోగలడని వాదించేవారు ఈ నాస్తిక విప్లవకారుల చరిత్రను ఒకసారి చదవాలి.

అక్కడి నుంచి బాంబు ఎలా ప్రయాణించిందో చూడండి. బెంగాల్ విప్లవకారుడు హేమచంద్ర కానుంగో బాంబుల తయారీ నేర్చుకోవడానికి పారిస్ వెళ్లాడు. అక్కడ ఆయనకు గురువు ఒక రష్యన్ ప్రవాసి. ఆయన తిరిగివచ్చిన కొద్దికాలానికే, 1908 ఏప్రిల్ 30న, ముజఫర్‌పూర్‌లో ఖుదీరామ్ బోస్, ప్రఫుల్ల చాకీ బాంబు వేశారు. వారి గురి కింగ్స్‌ఫర్డ్ అనే న్యాయాధికారి. చనిపోయినది మరో బండిలో వస్తున్న ఇద్దరు ఆంగ్ల మహిళలు. రష్యన్ సోషలిస్టుల విద్య భగవద్గీత చదివి ప్రమాణం చేసే బెంగాలీ యువకుల చేతికి ఈ విధంగా వచ్చింది. రాపోపోర్ట్ భాషలో చెబితే, మొదటి తరంగపు ఆయుధం, రెండో తరంగపు లక్ష్యం, నాలుగో తరంగపు మతభాష 1908లోనే ఒకచోట కలిశాయి.

ఇరవై ఒక్క సంవత్సరాల తరవాత, 1929 ఏప్రిల్ 8న, భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ ఢిల్లీ కేంద్ర శాసనసభలో ఎవరూ లేనిచోటు చూసి బాంబులు విసిరారు, పారిపోలేదు, కరపత్రాలు వెదజల్లి అరెస్టయ్యారు. చెవిటి ప్రభుత్వానికి వినిపించాలంటే పెద్ద శబ్దం కావాలన్న భావాన్ని ఆ కరపత్రం ఫ్రెంచి అరాచకవాది ఆగస్ట్ వాయాఁ పేరు చెప్పి మరీ తీసుకుంది. 1893లో ఫ్రెంచి పార్లమెంటులో బాంబు వేసినవాడు వాయాఁ. ముజఫర్‌పూర్ బాంబు చంపడానికి; ఢిల్లీ బాంబు వినిపించడానికి. దేశం అదే, శత్రువు అదే, వలసపాలన నుంచి విముక్తి అన్న ఉద్దేశమూ అదే. పద్ధతి మాత్రం పూర్తిగా వేరు. ఈ తేడాను ఉద్దేశం వివరించలేదు. 1908కీ 1929కీ మధ్య వచ్చిన గాంధీ యుగపు ప్రజా ఉద్యమాలను లెక్కలోకి తీసుకుంటే అది చాలావరకు అర్థమవుతుంది. అప్పటికి జనం అనే ప్రేక్షకులు తయారయ్యారు. వారి సానుభూతి పోగొట్టుకునే బాంబు విప్లవకారుడికే నష్టం. భగత్‌సింగ్ 1931 ఫిబ్రవరిలో జైలు నుంచి యువ కార్యకర్తలకు రాసిన రచనలో, తాను విప్లవ జీవితపు తొలిదశలో తప్ప టెర్రరిస్టును కానని స్పష్టం చేసి, రైతులలో కార్మికులలో పనిచేయమని కోరడం ఈ మార్పుకు పరాకాష్ఠ.

ఇక్కడ ఒక మాట. మన్యంలో 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు చేసిన పోరాటాన్ని కూడా ఇదే శీర్షిక కింద రాసే విద్యార్థులున్నారు. చింతపల్లి మొదలైన పోలీసు ఠాణాలపై దాడిచేసి ఆయుధాలు పట్టుకుపోవడం గెరిల్లా యుద్ధం. సామాన్యులను భయపెట్టి ప్రభుత్వాన్ని లొంగదీసే ప్రయత్నం అందులో లేదు. ప్రభుత్వం ఎవరిని ఏ పేరుతో పిలిచిందన్నది వేరు, వారు అనుసరించిన పద్ధతి ఏమిటన్నది వేరు.

'పాతవారికి హద్దులుండేవి' అన్న వాదం

ఉగ్రవాది ఎక్కువమంది చూడాలని కోరుకుంటాడే గాని ఎక్కువమంది చావాలని కోరుకోడని 1970లలో అమెరికా నిపుణుడు బ్రయాన్ జెన్‌కిన్స్ అన్నారు. 1990ల చివర బ్రూస్ హాఫ్‌మన్, వాల్టర్ లాకర్ వంటివారు ఆ రోజులు పోయాయని, మతప్రేరిత 'నూతన ఉగ్రవాదం' సంహారాన్నే కోరుకుంటుందని వాదించారు. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో ఓమ్ షిన్రిక్యో శాఖ విషవాయువు వదలడం, 2001లో సుమారు మూడువేలమంది మరణించడం వారి వాదానికి బలం చేకూర్చాయి.

పాతవారి నిగ్రహానికి సాక్ష్యాలు లేకపోలేదు. 1905లో మాస్కోలో ఇవాన్ కాల్యాయెవ్ గ్రాండ్ డ్యూక్ సెర్గీ బండిపై బాంబు వేయబోయి, లోపల పిల్లలు కనిపించడంతో చెయ్యి దించేశాడు. రెండు రోజుల తరవాత డ్యూక్ ఒంటరిగా ఉన్నప్పుడు చంపాడు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ హత్యకు గురైనప్పుడు నరోద్నాయా వోల్యా స్వయంగా ఆ హత్యను ఖండించింది. ప్రజలకు మాట్లాడే స్వేచ్ఛ ఉన్న దేశంలో రాజకీయ హత్యకు తావులేదన్నది వారి వాదం. ఈ రెండు సంఘటనలు దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి.

అయితే అదే తరంగంలో 1894 ఫిబ్రవరిలో పారిస్‌లోని కఫే టెర్మినస్‌లో కాఫీ తాగుతున్నవారిపై ఎమిల్ ఆఁరీ బాంబు విసిరాడు. అక్కడ రాజూ లేడు, మంత్రీ లేడు. సుఖంగా బతికే ఆ వర్గంలో అమాయకులే లేరని అతడు న్యాయస్థానంలో వాదించాడు. దానికి ముందు సంవత్సరం బార్సెలోనాలో ఒక నాటకశాలపై బాంబులు పడ్డాయి. 1920 సెప్టెంబరులో న్యూయార్కు వాల్‌స్ట్రీట్‌లో గుర్రపుబండిలో పెట్టిన బాంబు ముప్పై మందికి పైగా ప్రాణాలు తీసింది. చచ్చినవారిలో ఎక్కువమంది గుమస్తాలు, కబుర్లు మోసే కుర్రాళ్లు. నేడు మనం కారుబాంబు అంటున్నదానికి తాత ఆ గుర్రపుబండి. 1946లో జెరూసలేంలో కింగ్ డేవిడ్ హోటల్‌ను ఇర్గున్ సంస్థ పేల్చినప్పుడు 91 మంది మరణించారు. ఇర్గున్ నాయకుడు మెనాహెం బెగిన్ 1977లో ఇజ్రాయెల్ ప్రధాని అయ్యాడు. 1972 మేలో లాడ్ విమానాశ్రయంలో జపాన్ రెడ్ ఆర్మీకి చెందిన ముగ్గురు ప్రయాణికులపై విచ్చలవిడిగా కాల్పులు జరిపి 26 మందిని చంపారు. వీరెవరూ నాలుగో తరంగం వారు కారు.

అల్జీరియా ఉదంతం మరికొంత నేర్పుతుంది. 1956 సెప్టెంబరు 30న అల్జీర్స్‌లో మిల్క్ బార్ అనే ఐస్‌క్రీం దుకాణంలో జాతీయ విమోచన సంస్థ బాంబు పెట్టించింది. ఆ సంస్థ అంతకు ముందు నగరంలో ఇటువంటి పని చేయలేదు. ఆ వేసవిలో ఖైదీలను గిలటిన్‌కు ఎక్కించడం మొదలైంది. ఆగస్టులో అరబ్బులు నివసించే రూ ద తెబ్ వీధిలో వలస తెల్లవారి తీవ్రవాదులు పెట్టిన బాంబుకు ఎన్నో కుటుంబాలు బలి అయ్యాయి. ఆ తరవాతనే మిల్క్ బార్. ఇది బాంబు పెట్టినవారిని సమర్థించే వాదన కాదు. ఐస్‌క్రీం తింటున్న పిల్లలకు గిలటిన్‌తో సంబంధం లేదు. పద్ధతిలో మార్పు ఎప్పుడు వచ్చిందో అడగడమే పరిశోధకుడి పని. ఇక్కడ ఉద్దేశం మారలేదు, ఎదుటిపక్షం చర్య మారింది.

ఆత్మాహుతి: మతానికి చెందిన ఆయుధమా?

రాపోపోర్ట్ పట్టికలో అత్యంత బలహీనమైన చోటు ఇదేనని నా అభిప్రాయం. 1983 అక్టోబరు 23న బీరూట్‌లో పేలుడు పదార్థాలు నింపిన ట్రక్కులతో జరిగిన దాడులలో 241 మంది అమెరికన్ సైనిక సిబ్బంది, 58 మంది ఫ్రెంచి సైనికులు మరణించారు. దీని తరవాత అమెరికా, ఫ్రాన్సు లెబనాన్ నుంచి వైదొలిగాయి. ప్రపంచంలోని సాయుధ సంస్థలన్నీ ఈ ఫలితాన్ని గమనించాయి. 1987 జులై 5న శ్రీలంకలోని నెల్లియడిలో ఎల్.టి.టి.ఇ. తన మొదటి 'బ్లాక్ టైగర్'ను అలాంటి ట్రక్కుతోనే సైనిక శిబిరంలోకి పంపింది. ఆ సంస్థ లక్ష్యం తమిళ ఈలం. దానిది మతేతర జాతీయవాదం. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని, 1993 మే 1న అధ్యక్షుడు ప్రేమదాసను ఆత్మాహుతి దాడులతో చంపింది. 1996 జనవరిలో కొలంబో సెంట్రల్ బ్యాంకు మీదికి ట్రక్కు నడిపింది.

రాబర్ట్ పేప్ అనే అమెరికన్ పండితుడు 1980-2003 మధ్య జరిగిన 315 ఆత్మాహుతి దాడులను లెక్కించి 2005లో ఒక పుస్తకం ప్రచురించారు. ఏ ఒక్క సంస్థకూ లేనన్ని, 76 దాడులు ఎల్.టి.టి.ఇ.వి. ఈ సంస్థ తన కాలంలో ఇస్లామిక్ సంస్థలను మించిందని రాపోపోర్ట్ కూడా గమనించారు. గమనించి కూడా ఆత్మాహుతిని మత తరంగపు ఆయుధంగానే ఉంచారు. మినహాయింపు మొదటి స్థానంలో ఉన్నప్పుడు నియమాన్ని పునఃపరిశీలించాలి కదా!

అలాగని పేప్ జవాబు కూడా పూర్తిగా నిలవదు. విదేశీ సైన్యం ఆక్రమణే ఆత్మాహుతి దాడులకు మూలమని ఆయన అన్నారు. ఇరాక్‌లో 2003 తరవాత బాంబులకు ఎక్కువగా బలి అయినది విదేశీ సైనికులు కారు, బజార్లలో మసీదులలో ఉన్న ఇరాకీ షియాలు. ఆయన లెక్క ముగిసిన చోటే ఆయన సిద్ధాంతానికి అసలు పరీక్ష మొదలైంది.

నేను ప్రతిపాదించే ప్రశ్న వేరు: ఈ సంస్థ ఎవరి మీద ఆధారపడి బతుకుతోంది? ఎవరి అన్నం తింటోంది, ఎవరి ఇంట్లో దాక్కుంటోంది, ఎవరి పిల్లలను చేర్చుకుంటోంది? తనను పోషించే సమూహాన్ని దూరం చేసుకుంటానన్న భయం ఉన్నంతకాలం ఆ సంస్థ చేతికి ఒక పగ్గం ఉంటుంది. ఇటలీలో రెడ్ బ్రిగేడ్స్ 1978లో మాజీ ప్రధాని అల్డో మోరోను చంపినప్పుడు దేశం నివ్వెరపోయింది. 1979 జనవరిలో జెనోవాలో గీడో రోస్సా అనే కార్మికసంఘ సభ్యుడిని చంపాక, ఏ కార్మికుల పేరు చెప్పుకుని వారు పనిచేస్తున్నారో ఆ కార్మికులే వారికి ఎదురు తిరిగారు. 1998 ఆగస్టులో ఉత్తర ఐర్లండులోని ఓమాలో రియల్ ఐ.ఆర్.ఎ. బాంబుకు 29 మంది బలి అయినప్పుడు, సొంతవారి ఆగ్రహానికి తట్టుకోలేక కొద్దివారాల్లోనే ఆ సంస్థ కాల్పుల విరమణ ప్రకటించింది.

మత సంస్థలకు ఈ లెక్క వర్తించదా? 2005లో అల్ ఖాయిదా నాయకుడు జవాహిరి ఇరాక్‌లోని జర్ఖావీకి రాసినట్లుగా బయటపడిన లేఖ చూడండి. షియాలను చంపడం, తలలు నరికే దృశ్యాలు ప్రసారం చేయడం సామాన్య ముస్లింల మద్దతును పోగొడుతుందని అందులోని హెచ్చరిక. జర్ఖావీ వినలేదు. అదే ఏడాది నవంబరులో అమ్మాన్ హోటళ్లలో పెళ్లివేడుకపై సైతం అతడి మనుషులు దాడి చేశారు. అంతవరకు సానుభూతి చూపిన జోర్డాన్ ప్రజలు వీధుల్లోకి వచ్చి అతడిని దుయ్యబట్టారు. మరోవైపు ఓమ్ షిన్రిక్యోకు తన శిష్యులు తప్ప బయట ఏ సమూహమూ లేదు. పగ్గం పట్టుకునే చెయ్యే లేదు.

ఈ గీటురాయికీ పరిమితులున్నాయి. ఎల్.టి.టి.ఇ. తమిళుల మీద ఆధారపడి కూడా ప్రత్యర్థి తమిళ నాయకులను ఒకరి తరవాత ఒకరిగా చంపింది. 1990 అక్టోబరులో ఉత్తర ప్రాంతపు ముస్లింలను కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. సొంత సమూహం భయంతో నోరు మూసుకున్నప్పుడు, లేదా పరాయివారి చావుకు చప్పట్లు కొట్టినప్పుడు, పగ్గం వదులవుతుంది. కాబట్టి సంస్థ ఎవరి విషయంలో నిగ్రహం చూపుతుందో ఈ ప్రశ్న చెప్పగలదు; ఎంతమందిని చంపుతుందో చెప్పలేదు.

నలభై ఏళ్ల గడియారం, మన నేల

నూతన వామపక్ష తరంగం శతాబ్దాంతానికి దాదాపు అణగిపోయిందన్నది రాపోపోర్ట్ అంచనా. యూరప్‌కు అది సరిపోతుంది. జర్మనీలోని రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ 1998లో తనను తానే రద్దు చేసుకుంది. కాని 1967లో నక్సల్బరీలో, ఆ వెంటనే శ్రీకాకుళంలో మొదలైన ఉద్యమం 1980లో పీపుల్స్‌వార్‌గా, 2004లో మావోయిస్టు పార్టీగా రూపాలు మార్చుకుంటూ అర్ధశతాబ్దం దాటింది. తరం మారితే ఆవేశం చల్లారుతుందన్న సూత్రం విశ్వవిద్యాలయ విద్యార్థులతో నిండిన యూరప్ సంస్థలకు వర్తించినట్లు, భూమి, అడవి మీద హక్కు ప్రధానమైన చోట వర్తించలేదు. తరం మారినా తగాదా మారలేదు.

ఉద్యమం లోపలి చర్చ కూడా మన చర్చకు పనికివస్తుంది. వర్గశత్రు నిర్మూలన పేరుతో వ్యక్తుల హత్యలు చేయాలన్న పంథాను తరిమెల నాగిరెడ్డి వంటి కమ్యూనిస్టు నాయకులే వ్యతిరేకించి, ప్రజా ఉద్యమం లేని చోట హత్యలు పనికిరావన్నారు. ఒకే సిద్ధాంతం చదివినవారి మధ్య పద్ధతి గురించి చీలిక వచ్చింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద క్లెమోర్ మందుపాతరలు పేల్చడం, 2010 ఏప్రిల్‌లో దంతెవాడ అడవుల్లో 76 మంది భద్రతా సిబ్బందిని మాటువేసి చంపడం, ఇన్‌ఫార్మర్లన్న నెపంతో గ్రామస్థులను చంపడం - ఈ మూడూ ఒకే సంస్థ ఖాతాలోవి. పద్ధతి దృష్ట్యా మొదటిది రాజకీయ హత్యాయత్నం, రెండోది గెరిల్లా దాడి, మూడోది భయంతో పాలించడం. 2009లో చట్టం మావోయిస్టు పార్టీని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. మన పత్రికలు మాత్రం చాలాకాలం నక్సలైట్లకు 'తీవ్రవాదులు', ఇతరులకు 'ఉగ్రవాదులు' అనే మాటలు వాడుతూ వచ్చాయి. రెండు మాటలకూ నిఘంటువులో పెద్ద తేడా లేదు. అయినా ఎవరికి ఏ మాట అన్నది చదివేవారికి తెలిసేది!

ఒంటరి దాడులు

2025 గడచింది. మత తరంగం ముగిసిందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆ పక్కనే మరో రకం దాడి పెరిగింది. 2011 జులై 22న నార్వేలో ఒకే వ్యక్తి 77 మందిని చంపాడు. 2019 మార్చి 15న న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మందిని చంపిన వ్యక్తి ఆ హత్యలను ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ఇద్దరూ తెల్లజాతి ఆధిక్యవాదులు. 2016లో ఫ్రాన్సులోని నీస్‌లో జనం మీదికి లారీ నడిపి 86 మందిని చంపినవాడిని తమవాడిగా ఇస్లామిక్ స్టేట్ చెప్పుకుంది. ఉద్దేశాలు పరస్పరం శత్రువులు, పద్ధతులు అన్నదమ్ములు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బందీలను పట్టుకున్నవారికి టెలివిజన్ కావాలి, టెలివిజన్‌వారు రావాలి. క్రైస్ట్‌చర్చ్ హంతకుడికి విలేకరి అక్కర్లేకపోయింది. ఇంటివాడికి జవాబు చెప్పాల్సిన పని లేదు, నాయకుడి అనుమతి అక్కర్లేదు. నేను పైన చెప్పిన పగ్గం ఇక్కడ దాదాపు లేదు. గడచిన ఇరవై ఏళ్లలో వచ్చిన అతిపెద్ద మార్పు మతంలో లేదు, ఈ తెగిపోయిన బంధంలో ఉంది.

హైదరాబాదులో

సిద్ధాంతాల చర్చ ఎవరికి అవసరమని అడిగేవారుంటారు. 2007 మే 18 శుక్రవారం మధ్యాహ్నం హైదరాబాదు మక్కా మసీదులో ప్రార్థన సమయంలో బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. ఆ తరవాత పాతబస్తీకి చెందిన అనేకమంది ముస్లిం యువకులను పోలీసులు పట్టుకుని విచారించారు, కేసులు పెట్టారు. మసీదులో ప్రార్థన చేస్తున్నవారి మీద జరిగిన దాడికి అనుమానం మొదట ఎటు వెళ్లిందో గమనించండి. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడుదల చేశాయి. రాష్ట్ర ప్రభుత్వం తరవాత వారిలో కొందరికి పరిహారం చెల్లించింది. కేంద్ర సంస్థల దర్యాప్తు హిందూ తీవ్రవాద బృందానికి చెందినవారంటూ కొందరిపై అభియోగాలు మోపింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం, నేరం రుజువు కాలేదంటూ, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ విడుదల చేసింది.

అదే 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో జరిగిన పేలుళ్లలో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో ఇండియన్ ముజాహిదీన్ సభ్యులకు శిక్షలు పడ్డాయి. మత ఉద్దేశం ఊహ అని నేను అనడం లేదు. ఈ మూడు ఘటనల్లోనూ బాంబు ఒక్కటే రకపు పని చేసింది: రద్దీ ఉన్న చోటు, సామాన్యులు, ముందు హెచ్చరిక లేదు. ఆ పద్ధతి చూసి ఉద్దేశాన్ని, ఉద్దేశం చూసి మతాన్ని, మతం చూసి మనిషిని ఊహించుకుంటూ పోతే ఏమవుతుందో మొదటి కేసులో చంచల్‌గూడ జైలుకు వెళ్లివచ్చిన కుర్రాళ్లకు తెలుసు. మీలో పోలీసు ఉద్యోగంలో ఉన్నవారు, పోటీపరీక్షలకు చదువుతున్నవారు ఉంటారు; ఈ కేసుల తీర్పుల మీద వచ్చిన పత్రికావార్తలను వెతికి చదవండి.

అభ్యాసం కోసం: శ్రీలంకలో ఎల్.టి.టి.ఇ. 2009 మేలో నిర్మూలన అయింది. పదేళ్లకు, 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ ఆదివారం నాడు, అదే దేశంలో ఒక ఇస్లామిక్ బృందం చర్చిలు, హోటళ్లపై ఆత్మాహుతి దాడులు చేసి 250 మందికి పైగా ప్రాణాలు తీసింది. 1996 నాటి సెంట్రల్ బ్యాంకు దాడిని, ఈస్టర్ దాడులను పక్కపక్కన పెట్టి, ఉద్దేశం, ఆయుధం, లక్ష్యం, ఆధారపడిన సమూహం అనే నాలుగు అంశాలలో ఏవి మారాయో, ఏవి మారలేదో రెండు పేజీలకు మించకుండా రాయండి. రాపోపోర్ట్ పట్టికను ముందు పెట్టుకుని ఒకసారి, పక్కన పెట్టి ఒకసారి రాయండి.